గుర్రంతో మాట కలపడం: బెంగళూరులో రైడింగ్ నేర్చుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో గుర్రపు స్వారీ నేర్చుకునే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. శని, ఆదివారాల్లో ఇంకా చీకటి ఉండగానే మారతహళ్ళి నుంచో ఎలక్ట్రానిక్ సిటీ నుంచో బయల్దేరి, యలహంక దాటి ఉన్న స్కూళ్ళకు వెళ్తుంటారు. మొదట్లో అందరికీ ఒకటే దిగులు, పడిపోకుండా కూర్చోవాలని. అది తీరాక అసలు ప్రశ్న మొదలవుతుంది. "నేను చెప్పేది దీనికి ఎందుకు అర్థం కావడం లేదు?" అని. ఈ పేజీ ఆ దశలో ఉన్నవాళ్ళ కోసం. ఇక్కడి జవాబులు మీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేనప్పుడు ఒంటరిగా ప్రయత్నించడానికి కాదు. ఆయన చెప్పేది ఎందుకు చెబుతున్నారో తెలుసుకోవడానికి.

కాళ్ళతో ఎంత కొట్టినా గుర్రం కదలడం లేదు. ఇంకా గట్టిగా కొట్టాలా?

వద్దు. గుర్రం డొక్క మీద ఈగ వాలితే సరిగ్గా అక్కడి చర్మం మాత్రమే అదరడం మీరు చూసే ఉంటారు. ఈగ వాలినట్టు తెలిసే చర్మానికి మీ మడమ తగిలినట్టు తెలియకుండా ఉండదు. తెలిసి కూడా కదలడం లేదంటే, ఆ దెబ్బను పట్టించుకోనక్కర్లేదని అది ఎప్పుడో నేర్చుకుంది. స్కూలు గుర్రం వీపు మీదికి రోజూ ఎవరో ఒక కొత్తవారు ఎక్కుతారు. వాళ్ళలో చాలామంది అది ఆగినా కొడతారు, నడిచినా కొడుతూనే ఉంటారు. అప్పుడు ఆ దెబ్బలు దానికి ఇంట్లో ఆగకుండా తిరిగే ఫ్యాన్ చప్పుడులా అయిపోతాయి.

గుర్రానికి పాఠం అందేది ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, తీసేసినప్పుడు. కాలు ఆనింది, అది అడుగు వేసింది, కాలు వెంటనే వదులైంది. "ఓహో, అడుగు వేస్తే ఇది పోతుందన్నమాట" అని దానికి తెలిసేది ఆ మూడో ఘట్టంలోనే. మనం తరచుగా మర్చిపోయేది కూడా అదే. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే, దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి: అడిగింది ఇచ్చిన క్షణంలోనే అడగడం ఆపేయాలి.

ఆచరణలో ఇలా చేయండి. ముందు పిక్కలు మెత్తగా ఆనించి ఒత్తండి. ఒక క్షణం ఆగండి. స్పందన లేకపోతే కొంచెం స్పష్టంగా ఒత్తండి. అప్పటికీ లేకపోతే మీ కాలికి కాస్త వెనకగా, గుర్రం డొక్క మీద విప్‌తో చిన్నగా ఒక్కసారి తట్టండి. కదిలిందా, కాళ్ళు వదులు. మళ్ళీ అవసరమైతే మళ్ళీ మెత్తని ఒత్తుతోనే మొదలుపెట్టాలి. నేరుగా గట్టి దెబ్బకు వెళ్ళకూడదు. ఈ క్రమం తప్పకుండా పాటిస్తే, మొద్దుబారిందని పేరుపడ్డ గుర్రం కూడా ఒక్క క్లాసులోనే మెత్తని ఒత్తుకు కదలడం మొదలుపెడుతుంది. మొదటిసారి అలా కదిలినప్పుడు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇంకొకటి కూడా చూసుకోండి. కాలితో "పద" అంటూనే పగ్గాలు బిగించి పట్టుకుని "ఆగు" అనడం లేదు కదా? కొత్తవాళ్ళ గుర్రాలు కదలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

నా మనసులో ఉన్నది గుర్రానికి తెలిసిపోతుందా?

మనసులోది తెలియదు, ఒంటి మీదికి వచ్చింది తెలుస్తుంది. మనం గమనించనంత చిన్న కదలికలు కూడా తెలుస్తాయి.

దీనికి నూరేళ్ళు దాటిన ఒక ఉదాహరణ ఉంది. జర్మనీలో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఆయన దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేలను తట్టేది. 1904లో ఒక కమిషన్ వచ్చి పరీక్షించి, ఇందులో మోసం లేదని తేల్చింది. ఆ తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఓపిగ్గా పరీక్షలు చేసి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. ప్రశ్న అడిగేవారికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. అడిగేవారు కనిపించకపోయినా తప్పేది. సరైన అంకె దగ్గరికి వచ్చేసరికి అడిగేవారి తలలో, భుజాల్లో వాళ్ళకే తెలియకుండా వచ్చే అతి చిన్న మార్పును చూసి అది తట్టడం ఆపేది.

ఈ కథను "పాపం, గుర్రానికి లెక్కలు రావు" అని చెప్పి ముగిస్తుంటారు. నాకు మాత్రం ఇందులో గుర్రం గొప్పతనమే కనిపిస్తుంది. నేల మీద నిలబడిన మనిషినే అంతగా చదవగలిగితే, వీపు మీద కూర్చున్న మనిషిని ఎంతగా చదువుతుందో ఆలోచించండి. మీరు ఎడమకు చూస్తే మీ నడుము కొంచెం తిరుగుతుంది, బరువు కొంచెం మారుతుంది. మీరు మాట్లాడడం మొదలుపెట్టాం అనుకునేలోపే సగం చెప్పేసి ఉంటారు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటారు కదా! మరి గట్టిగా ఉండొద్దా?

సామెతలో నిజం ఉంది. అడిగి, జవాబు రాకముందే వదిలేసే రౌతుకు గుర్రం నిజంగానే పని ఎగ్గొడుతుంది. ఒకసారి నడవమని అడిగాక నడిచేదాకా ఆ మాట మీద ఉండాలి. గట్టితనం అంటే అది. కొట్టడం, లాగడం, అరవడం దానికి ప్రత్యామ్నాయాలు కావు. ఒకే సైగకు ఈరోజు ఒక అర్థం, రేపు ఇంకో అర్థం చెప్పే రౌతు ఎంత బలవంతుడైనా గుర్రం దృష్టిలో మెత్తనివాడే.

పగ్గాలు ఎంత బిగువుగా పట్టుకోవాలి?

ముందు పగ్గం అవతలి కొస ఎక్కడుందో తెలుసుకోవాలి. గుర్రం నోట్లో ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఇనుము ఆ ఖాళీలో, నాలుక మీదా చిగురు మీదా ఆనుతుంది. ఆ చిగురు కింద పల్చటి చర్మం, వెంటనే ఎముక. స్నాఫిల్ అనే రకం మెత్తని బిట్ (కళ్ళెం ఇనుము) అని అందరూ అంటారు, కానీ అది మెత్తగా ఉంటుందో లేదో తేల్చేది పట్టుకున్న చేయే.

అలాగని పగ్గాలు ఊయలలా వేలాడనివ్వడం కూడా దయ కాదు. వేలాడే పగ్గం ఒక్కసారిగా బిగుసుకుంటే ఝాడించినట్టు తగులుతుంది. చేతిలో చిన్న పక్షిపిల్ల ఉందనుకోమని ఇన్‌స్ట్రక్టర్లు చెప్తుంటారు కానీ, నేను కొలతగా చెప్పేది వేరు. మోచేయి నుంచి చేతి మీదుగా గుర్రం నోటి దాకా ఒకే సరళ రేఖ ఉండాలి. పగ్గం వేలాడకుండా తిన్నగా ఉండాలి, మీ ముంజేయి కండ మాత్రం బిగుసుకోకూడదు. బొటనవేలు పైకి, మణికట్టు తిన్నగా. మోచేయి తలుపు కీలులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి.

కీలు ఎందుకంటే, వాక్‌లో (మామూలు నడకలో) గుర్రం తల ప్రతి అడుగుకూ ముందుకు వెనక్కి ఊగుతుంది. క్యాంటర్‌లోనూ (దౌడులోనూ) ఊగుతుంది. మీ చేతులు దాంతోపాటు వెళ్ళకపోతే ప్రతి అడుగుకూ దాని నోటిని మీరు ఒకసారి గుంజినట్టే. ట్రాట్‌లో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) తల దాదాపు నిలకడగా ఉంటుంది. అక్కడ మీరు లేచి కూర్చుంటున్నా చేతులు మాత్రం కదలకూడదు. కొత్తవాళ్ళకు కష్టమనిపించేది సరిగ్గా ఇక్కడే. ఒక చోట చేతులు కదలాలి, ఇంకో చోట కదలకూడదు.

ఇదంతా బ్యాలన్స్ వచ్చాక సాధ్యమయ్యే పని. పగ్గాలు పట్టుకునే నిలదొక్కుకుంటున్నంతకాలం గుర్రం నోరే మీకు ఊతకర్ర. అందుకే లంజ్ క్లాసులు అడగండి. ఇన్‌స్ట్రక్టర్ పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే మీరు పగ్గాలు లేకుండా కూర్చోవడం నేర్చుకుంటారు. అంతవరకూ తూలినప్పుడు జూలు పట్టుకోండి. మెడకు పట్టీ కట్టి ఉంటే దాన్ని పట్టుకోండి. జూలు పట్టుకోవడం నామోషీ కాదు, గుర్రం నోటికి మీరు చేసే మేలు.

ఆపడానికి లాగితే తల పైకెత్తి ఇంకా ముందుకే పోతోంది. ఏం చేయాలి?

లాగిన కొద్దీ నోట్లో నొప్పి పెరుగుతుంది. నొప్పి నుంచి పారిపోవడం గుర్రం స్వభావం. సుమారు 450 నుంచి 500 కిలోల ప్రాణితో లాగుడు పోటీలో మనం గెలిచేది ఉండదు కూడా.

ఆపడం నడుముతో మొదలవుతుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ వెన్ను నిటారుగా చేయండి. అప్పటిదాకా గుర్రం నడకతోపాటు ఊగుతున్న మీ నడుమును ఊగకుండా నిలపండి. చాలా గుర్రాలు ఇక్కడే వేగం తగ్గిస్తాయి. తర్వాతే వేళ్ళు మూయండి. తడిగుడ్డను పిండినట్టు మెల్లగా పిడికిలి బిగించడమే. మోచేతులు వెనక్కి గుంజడం కాదు. ఆగిన క్షణంలో వేళ్ళు వదులు చేయండి. ఆగాక కూడా పట్టుకునే ఉంటే, ఆగినందుకు దానికి దక్కింది ఏమీ లేదు కదా.

నిజంగానే అదుపు తప్పి పరుగెడుతుంటే రెండు పగ్గాలూ కలిపి లాగొద్దు. చోటు ఉంటే పెద్ద వలయంలోకి తిప్పి, మెల్లగా వలయాన్ని చిన్నది చేయండి. ఈ పద్ధతిని అరీనాలో (కంచె వేసిన స్వారీ మైదానంలో) వాక్‌లో ఉన్నప్పుడే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకుని పెట్టుకోండి.

మలుపు తిప్పేటప్పుడు మెడ ఒక్కటే తిరుగుతోంది, గుర్రం మాత్రం తిన్నగానే పోతోంది. ఎందుకు?

ఎందుకంటే మీరు మెడనే తిప్పారు. వెళ్ళాల్సిన చోటును మీ కళ్ళతో ముందుగా చూడండి. ఛాతీ కూడా అటే తిరగాలి. లోపలి కాలు (తిరిగే వైపున్నది) గర్త్ (జీనును బిగించే పొట్టపట్టీ) దగ్గర ఆనించండి, గుర్రం ఆ కాలి చుట్టూ వంగుతుంది. బయటి పగ్గం భుజం బయటికి జారిపోకుండా కాపాడుతుంది. లోపలి పగ్గం పని చాలా తక్కువ, దారి చూపించడం మాత్రమే.

గుర్రం నాతో ఏం చెబుతోందో వీపు మీద నుంచి ఎలా తెలుస్తుంది?

మీకు బాగా కనిపించేవి చెవులు. రెండు చెవులూ వేర్వేరుగా తిరుగుతాయి, ఒక్కొక్కటి దాదాపు 180 డిగ్రీలు. చెవి ఎటు ఉంటే ధ్యాస అటు ఉన్నట్టు. ఒక చెవి ముందుకు, ఒక చెవి మీవైపు ఉండి అటూ ఇటూ మారుతుంటే చాలా మంచి గుర్తు. దారి చూస్తూనే మీ మాటా వింటోంది. రెండూ నిక్కబొడుచుకుని ముందుకే గుచ్చినట్టు ఉండిపోతే, ఎదురుగా ఏదో దాని ధ్యాసంతా లాగేసింది. అప్పుడు ముందు దాని ధ్యాసను మీవైపు తెచ్చుకోవాలి. చిన్న మలుపో, వాక్‌లోకి రావడమో, ఏదైనా సులువైనది అడగండి. చెవులు మెడకు అతుక్కునేలా వెనక్కి పడిపోతే కోపం, భయం, నొప్పి వీటిలో ఏదో ఒకటి. మార్వాడీ గుర్రాల చెవికొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నట్టు ఉంటాయి కాబట్టి అలవాటు పడేదాకా వాటి చెవులు చదవడం కొంచెం కష్టం. కానీ ఆ చెవుల అందం చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు.

కనిపించనివి కూర్చున్న చోటే తెలుస్తాయి. వీపు మీ కింద మెత్తగా ఊగుతోందా, బల్లలా బిగుసుకుందా? ఊపిరి లయగా వస్తోందా, బిగబట్టిందా? ముక్కుతో పొడవుగా బుస్సున ఊపిరి వదిలి మెడ కిందికి దించిందంటే ఒళ్ళు సడలిందన్నమాట. తోక నడకతోపాటు ఊగుతుంటే బాగుంది. ఈగలు లేకుండానే విసురుతుంటే ఏదో నచ్చలేదు. ఒక క్లాసంతా వేరే ఏమీ పట్టించుకోకుండా, వాక్‌లో ఏ వెనక కాలు ఎప్పుడు నేల మీద పడుతోందో చూడకుండా చెప్పడం ప్రయత్నించండి. అది వచ్చాక మీ సైగలు సరైన సమయానికి పడడం మొదలవుతుంది.

ఇది పొగరా, నొప్పా? ఎలా తేల్చుకోవాలి?

నా పద్ధతి చెప్తాను. ముందు నొప్పే అనుకోవాలి. నొప్పి లేదని తేలాక, నా సైగ దానికి అర్థం కాలేదేమో అనుకోవాలి. పొగరు అనే మాట చివరికి రావాలి, చాలాసార్లు ఆ అవసరమే రాదు.

గుర్రం వేటాడబడే జంతువు. కుంటుతున్నట్టు కనిపిస్తే అడవిలో బతకదు కాబట్టి నొప్పిని దాచుకుంటుంది. మూలగదు, ఏడవదు. దాని నొప్పి ప్రవర్తనలో బయటపడుతుంది, మనం దాన్ని మొండితనం అంటాం. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం స్వారీ సమయంలో గుర్రాలు చూపించే 24 ప్రవర్తనలను గుర్తించి ఒక జాబితా తయారు చేసింది. వాటిలో 8 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే ఎముకలు, కండరాల నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. చెవులు చాలాసేపు వెనక్కే ఉండడం, నోరు పదేపదే తెరవడం, తల ఒక పక్కకు వాల్చడం, తోక విసరడం, మాటిమాటికీ తడబడడం లాంటివి అందులో ఉన్నాయి. రోజూ స్కూళ్ళలో చూసేవే. "ఈ గుర్రం ఇంతే" అని మనం వదిలేసేవే.

కాబట్టి ఎక్కబోయే ముందు వీపు మీద రెండు పక్కలా అరచేతితో నెమ్మదిగా ఒత్తుతూ రండి. ఎక్కడైనా వీపు కుంగినా, చర్మం అదిరినా, గుర్రం తిరిగి చూసినా సైసుకు (గుర్రాలను చూసుకునే మనిషికి) చెప్పండి. గర్త్ కింద ఒరుపు పుండ్లు ఉన్నాయేమో చూడండి. బెంగళూరులో వానలు పడుతున్నప్పుడు బురద, తడి జీను వల్ల ఇవి త్వరగా వస్తాయి. ముక్కుపట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. లాడం వదులైందేమో, డెక్కలో రాయి ఇరుక్కుందేమో చూడండి. నిన్నటిదాకా బాగున్న గుర్రం ఇవాళ హఠాత్తుగా గర్త్ బిగిస్తుంటే కరవబోతే, దాన్ని కొట్టడానికి ఎవరికీ హక్కు లేదు. "ఈరోజు దీన్ని ఎక్కను, ఒకసారి డాక్టర్‌కు చూపించండి" అని చెప్పే హక్కు ఫీజు కట్టిన మీకు ఉంది. మొహమాటపడకండి.

నాకు ఇచ్చేది రేసుల నుంచి వచ్చిన గుర్రమట. ప్రమాదమా?

భారతదేశంలో రైడింగ్ స్కూళ్ళలో కనిపించే థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) గుర్రాలలో చాలా వరకు ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తినవే. బెంగళూరులో రేస్ కోర్సు ఉంది కాబట్టి ఇక్కడ ఇంకా సహజం. సరిగ్గా తిరిగి శిక్షణ ఇస్తే చక్కటి స్కూలు గుర్రాలు అవుతాయి. అయితే అవి మొదట నేర్చుకున్న భాష వేరు. రేసు గుర్రం బిట్ మీద ఆనుకుని పరుగెత్తడం నేర్చుకుంటుంది. పగ్గం బిగిస్తే కొన్నింటికి "ఇంకా వేగంగా" అని అర్థమవుతుంది. మీరు భయపడి బిగిస్తారు, అది వేగం పెంచుతుంది, మీరు ఇంకా బిగిస్తారు. ఆపడం గురించిన ప్రశ్నలో చెప్పిన నడుముతో ఆపే పద్ధతి వీటి దగ్గర మరీ ముఖ్యం. రెండో తేడా, జాకీలు పొట్టి రికాబులతో జీను మీద లేచి ఉంటారు కాబట్టి పక్కలకు పొడవాటి కాళ్ళు ఆనడం ఈ గుర్రాలకు కొత్త. అకస్మాత్తుగా పిక్క తగిలితే ఉలిక్కిపడొచ్చు. కాలును మెల్లగా ఆనించి, ఆనించే ఉంచండి.

నాకు టెన్షన్ ఎక్కువ. గుర్రానికి అంటుకుంటుందా?

అంటుకుంటుంది. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మనుషులు గుర్రాన్ని నడిపించుకుంటూ, మరికొందరు ఎక్కి, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు కొన్నిసార్లు వెళ్ళారు. చివరిసారి వెళ్ళేటప్పుడు గొడుగు ఒక్కసారిగా తెరుస్తామని వాళ్ళకు ముందే చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, గొడుగు సంగతి ఏమీ తెలియని గుర్రాల గుండె వేగమూ పెరిగింది.

శాంతంగా నిలబడిన గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, మన గుండె కంటే నెమ్మది. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని, ఆలస్యమైందని పరుగెత్తుకొచ్చి నేరుగా జీను ఎక్కేస్తే, మీ ఆదుర్దానంతా దాని వీపు మీద పెట్టినట్టే. కాసేపు ముందు రండి. బ్రష్ తీసుకుని గుర్రాన్ని తోమండి. ఎక్కాక మొదటి రెండు రౌండ్లు వాక్‌లో నాలుగు అడుగులకు ఊపిరి పీల్చి, ఆరు అడుగులకు వదలండి. ట్రాట్‌లో భయమేస్తే పాట హమ్ చేయండి. హమ్ చేస్తూ ఊపిరి బిగబట్టడం కుదరదు.

ఏమీ లేకుండానే బెదురుతుంది. ఎందుకు?

మనకు ఏమీ కనిపించలేదంతే. గుర్రం కళ్ళు తలకు పక్కల ఉండడం వల్ల దానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ముందు కొంత మేర, తోక వెనక మాత్రం కనబడదు. రంగుల్లో నీలం, పసుపు తేడా తెలుస్తుంది, ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. కదిలేదాన్ని మాత్రం చటుక్కున పట్టేస్తుంది. ఎగిరే ప్లాస్టిక్ సంచి మనకు చెత్త, దానికి పులి కావచ్చు. యలహంక వైపు స్కూళ్ళలో వాయుసేన విమానాల మోతకు అలవాటుపడిన గుర్రాలు కూడా ఫెన్సింగ్ మీద ఆరేసిన కొత్త తువ్వాలును చూసి ఆగిపోతాయి.

బెదిరినప్పుడు ఆ వస్తువు వైపు బలవంతంగా తీసుకెళ్ళొద్దు. మీరూ దాన్నే చూస్తూ ఉండొద్దు, మీరు చూస్తే అది నిజంగానే చూడాల్సిన ప్రమాదం అనుకుంటుంది. దాటి వెళ్ళాల్సిన చోటు వైపు చూడండి. గుర్రం తలను కొంచెం అవతలి పక్కకు తిప్పి, వస్తువు వైపున్న కాలు ఆనించి, దూరం నుంచి దాటించండి. తర్వాతి రౌండ్‌లో ఇంకొంచెం దగ్గరగా. దీపావళి టపాసుల రోజుల్లో అసలు రైడింగే మానుకోవడం మేలు.

గుర్రంతో తెలుగులో మాట్లాడితే అర్థమవుతుందా?

దానికి భాష లేదు, శబ్దం ఉంది. బెంగళూరు గుర్రపుశాలల్లో సైసులు కన్నడం, దక్కనీ ఉర్దూ, హిందీ, కొన్నిచోట్ల తెలుగు మాట్లాడతారు. చాలా చోట్ల నాలుకతో చేసే టక్ టక్ శబ్దానికి "పద" అని, సాగదీసిన "హో..." కు "మెల్లగా" అని అర్థం. ఆ శాలలో ముందునుంచీ ఉన్న శబ్దాలను అడిగి తెలుసుకుని అవే వాడండి. సొంత మాటలు నేర్పాలనుకుంటే, ఒక పనికి ఒక్కటే మాట, ఎప్పుడూ ఒకే స్వరం. వేగం పెంచేదానికి పొట్టిగా, పైస్థాయిలో. తగ్గించేదానికి పొడవుగా, కిందిస్థాయిలో. అయితే డ్రసాజ్ (నిర్ణీత కదలికలను గుర్రంతో అందంగా చేయించే) పోటీల్లో నోటి శబ్దం చేస్తే మార్కులు తగ్గుతాయి కాబట్టి అటు వెళ్ళాలనుకునేవారు అన్నీ నడుముతో, కాలితో చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మెడ మీద చరిచి మెచ్చుకుంటే సంతోషిస్తుందా?

చప్పుడు చేస్తూ చరచడం మనకు సంతోషం. గుర్రాలు ఒకదాన్నొకటి చరుచుకోవు, గోక్కుంటాయి. జీనుకు ముందు, జూలు ముగిసే చోట ఎత్తుగా ఉండే భాగాన్ని రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి పళ్ళతో గోక్కోవడం శాలలో చూడొచ్చు. అక్కడ గోకితే వాటి గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక అధ్యయనం చూపింది. మీ చేయి అందే చోటే అది. పగ్గాలు వదలకుండానే వేళ్ళతో గోకొచ్చు. కొన్ని గుర్రాలు పైపెదవి సాగదీసి ఆనందం చూపిస్తాయి. క్యారెట్, బెల్లం ముక్క పెట్టాలనుకుంటే క్లాసు అయ్యాక, సైసును అడిగి, అరచేయి చాపి పెట్టండి.

విప్, స్పర్స్ (బూటు మడమకు తగిలించే లోహపు ముళ్ళు) వాడొచ్చా?

కాలి మాటను ఒకసారి బలపరచడానికి విప్ వాడొచ్చు, కోపం తీర్చుకోవడానికి వాడకూడదు. స్పర్స్ మాత్రం ట్రాట్‌లో కాళ్ళు నిలకడగా ఉంచడం వచ్చేదాకా వద్దే వద్దు.

రైజింగ్ ట్రాట్‌లో (ట్రాట్ లయకు జీను మీద లేచి కూర్చునేటప్పుడు) ఏ అడుగుకు లేవాలి? దానికీ మాటకూ సంబంధం ఏమిటి?

ట్రాట్‌లో ఐమూలగా ఉన్న కాళ్ళు (ఒక పక్క ముందు కాలు, అవతలి పక్క వెనక కాలు) జంటగా పడతాయి. అందుకే రెండు తాళాలే వినిపిస్తాయి. వలయంలో బయటి వైపు భుజం ముందుకు వెళ్ళినప్పుడు లేవాలి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోవాలి. సంబంధం ఏమిటంటే, మీరు లేచి కూర్చునే వేగాన్ని గుర్రం అనుసరిస్తుంది. అది పరుగుపరుగున పోతుంటే పగ్గాలు ముట్టుకోకుండా, మీరే కొంచెం నెమ్మదిగా, పైన ఒక రెప్పపాటు ఎక్కువ ఉండి కూర్చోండి. కొన్ని అడుగుల్లో అది మీ తాళానికి వస్తుంది.

సైగలు ఎవరికీ కనిపించకూడదంటారు. అంత సూక్ష్మంగా నిజంగా సాధ్యమా?

సాధ్యమే, మన ఊళ్ళోనే సాక్ష్యం ఉంది. బెంగళూరులో పెరిగిన ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈవెంటింగ్‌లో వ్యక్తిగత రజతం, జట్టు రజతం గెలిచారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సినియోర్ మెడికాట్ అనే గుర్రంతో 23వ స్థానంలో నిలిచారు. ఈవెంటింగ్ అనగానే అందరికీ పెద్ద పెద్ద గెంతులే గుర్తొస్తాయి. కానీ అందులో డ్రసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ ఒకే గుర్రంతో చేయాలి. మైదానంలో గంతులేయడానికి ఉరకలెత్తే గుర్రమే డ్రసాజ్ అరీనాలో ఊపిరి మార్చినా వినేంత నిమ్మళంగా ఉండాలి. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రసాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ వీడియోలు దొరికితే రైడర్ల చేతులను, కాళ్ళను మాత్రమే చూస్తూ ఒకసారి చూడండి. ఏమీ చేయడం లేదనిపిస్తుంది.

ప్రతి వారం వేరే గుర్రం ఇస్తున్నారు. ఇలాగైతే బంధం ఎలా ఏర్పడుతుంది?

కొన్ని నెలలపాటు ఒకే గుర్రం ఉంటే మంచిదే, అడిగి చూడండి. ఇవ్వకపోయినా నష్టం లేదు. ఒక గుర్రం మెత్తని కాలుకు ఉరుకుతుంది, ఇంకోటి రెండుసార్లు అడగమంటుంది. ఎక్కిన మొదటి కాసేపు చిన్న చిన్న ప్రశ్నలు వేసి దాని సంగతి తెలుసుకోవడం అలవాటు చేసుకోండి: ఎంత మెత్తగా అడిగితే నడిచింది, ఆగడానికి ఎంత కావాలి, ఏ పక్కకు సులువుగా తిరిగింది.

నేల మీద ఉన్నప్పుడు ఏమైనా నేర్చుకోవచ్చా?

సగం అక్కడే నేర్చుకోవాలి. శాల నుంచి అరీనా దాకా మీరే నడిపించుకెళ్ళండి. మీరు ఆగితే ఆగుతోందా, మీ మీదికి తోసుకొస్తోందా చూడండి. నేల మీద మీ చోటును గౌరవించని గుర్రం వీపు మీద మీ కాలును గౌరవించదు.

సైసుల దగ్గర కూర్చోండి. ఏ గుర్రం రాత్రి మేత వదిలేసింది, ఏది ఎడమ పక్క ముట్టుకోనివ్వదు, ఏది పక్క శాలలోని నేస్తం కనిపించకపోతే గోల చేస్తుంది, ఇవన్నీ వాళ్ళకు తెలుసు. చాలా స్కూళ్ళలో రైడర్లు దిగి పగ్గాలు వాళ్ళ చేతికి విసిరేసి కారెక్కి వెళ్ళిపోతుంటారు. చూస్తే బాధేస్తుంది. "అన్నా, ఈరోజు ఇది ఎలా ఉంది?" అని ఒక్క మాట అడిగితే, ఏ ఇన్‌స్ట్రక్టరూ చెప్పని సంగతులు చెప్తారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవారైతే తెలుగులోనే చెప్తారు.

స్కూలు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ఫీజు అడిగే ముందు గుర్రాలను చూడండి. పక్కటెముకలు బయటపడ్డాయా, పుండ్లున్నాయా, నీళ్ళ తొట్టి శుభ్రంగా ఉందా. ఒక గుర్రం రోజుకు ఎన్ని క్లాసులు చేస్తుందో అడగండి. హెల్మెట్ తప్పనిసరి అనని చోటికి వెళ్ళొద్దు. రైడర్ బరువు గురించి అడిగితే నొచ్చుకోకండి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని సాధారణంగా పాటించే లెక్క, అది గుర్రం వీపు కోసం. చివరగా, ఒక క్లాసు బయట నిలబడి చూడండి. ఇన్‌స్ట్రక్టర్ "కొట్టు, కొట్టు" అనే మాట ఎక్కువ వాడుతున్నారా, "ఇప్పుడు వదులు" అనే మాట ఎక్కువ వాడుతున్నారా వినండి.

వారానికి ఒక్క క్లాసే కుదురుతుంది. ఇంట్లో ఏమైనా ప్రాక్టీస్ చేయొచ్చా?

పగ్గం పట్టు ప్రాక్టీస్ చేయొచ్చు. పగ్గాలంత వెడల్పున్న పట్టీ గానీ పాత దుపట్టా గానీ తీసుకోండి. ఇంట్లో ఒకరిని కళ్ళు మూసుకుని రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకోమనండి, వాళ్ళు గుర్రం. మీరు మధ్యభాగాన్ని పగ్గాల్లా పట్టుకుని ఎదురుగా కూర్చోండి. మాటల్లేకుండా, వేళ్ళు మూయడం, తెరవడంతోనే కుడి, ఎడమ, ఆగు, పద చెప్పండి. వాళ్ళు చేతులను గుర్రం తలలా ముందుకు వెనక్కి ఊపుతుంటే మీ మోచేతులు దాన్ని అనుసరించాలి, పట్టీ ఒక్కసారి కూడా ఝాడించకూడదు. తర్వాత మీరు గుర్రం అవ్వండి. అవతలివారు ఎంత చిన్నగా వేలు కదిపినా మీకు తెలుస్తుంది, సరిగ్గా చేశాక వదలకపోతే ఎంత చిరాకేస్తుందో కూడా తెలుస్తుంది. పిల్లలతో ఆడితే వాళ్ళు మొహమాటం లేకుండా "లాగుతున్నావు" అని చెప్పేస్తారు.